కారు కింది మనిషి

అన్నయ్య కారు కొన్నాడనగానే పుల్ల సంతోషించాడు. దాన్ని కళ్ళారా చూశాక మాత్రం ఆ సంతోషం నిలవలేదు.

ఎర్ర కారు. రెండే సీట్లు. పక్కన నిలబడితే దాని కప్పు మనిషి ఛాతీ దాకా కూడా రాదు. పందేల మోజున్న వాళ్ళెవరో ముచ్చటపడి కొనుక్కుని, మోజు తీరాక అమ్మేసిన పాత బండి. రంగు ఇంకా నిగనిగలాడుతోంది గానీ, షెడ్డులో పెట్టిన మర్నాటికే నేల మీద నల్లటి నూనె మరక తేలింది. అన్నయ్య ఆ మరకను చూసి దిగులు పడలేదు సరికదా, హుషారుగా చేతులు రుద్దుకున్నాడు.

"గేర్‌బాక్సు దగ్గర సీలు పోయింది, అంతే. దీనికో మెకానిక్కెందుకు? మనింట్లో మనమే చేసుకుందాం. ఏరా పుల్లా?"

అన్నయ్య "మనం" అన్నాడంటే అందులో ఒళ్ళు వంచే భాగం తమ్ముడిదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పుల్ల అన్నది సన్నగా ఉంటాడని అన్నయ్య పెట్టిన పేరు. చిన్నప్పుడు లోపల గడియ పడిపోతే వెంటిలేటర్లోంచి దూర్చింది వాడినే. అటక మీద ఎలక చచ్చినా ఎక్కించింది వాడినే. ఇప్పుడు వాడు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తున్నాడు, పెళ్ళయింది, నడినెత్తిన జుట్టు పల్చబడింది. అయినా అన్నయ్య దూరమంటే దూరడమే. కాదనే మాట అన్నయ్య ముందు వాడి నోట్లోంచి ఇంతవరకూ ఊడిపడలేదు.

"నా పొట్ట అక్కడెక్కడ పడుతుందిరా," అని అన్నయ్య నవ్వుతూ పొట్ట తట్టుకున్నాడు. మాట నిజమే. ఆయన భారీ మనిషి.

ఇంట్లో ఉన్న జాకీ ఆ కారు కిందికి పోనే పోలేదు. పుల్ల నేల మీద చెంప ఆనించి చెయ్యి పెట్టి చూశాడు. అరచెయ్యి దూరింది గానీ పిడికిలి బిగిస్తే దూరలేదు. అన్నయ్య ఎక్కడినుంచో రెండు మందపాటి చెక్కపలకలు మోసుకొచ్చాడు. వెనక చక్రాల ముందు పలకలు పెట్టి, కారును వాటి మీదికి మెల్లగా ఎక్కిస్తే కాస్త ఎత్తు వస్తుంది, అప్పుడు జాకీ పడుతుంది. ఆలోచన బాగానే ఉంది. అన్నయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. పుల్ల వంగుని, "రా... రా... ఇంకొంచెం... చాలు, చాలు!" అన్నాడు. పలకలు కిర్రుమన్నాయి గానీ నిలబడ్డాయి.

జాకీ మొదట కారు అంచు కింద పెట్టారు. రెండుసార్లు కొట్టేసరికి ఫటేలుమని చప్పుడైంది. అంచుకున్నది ఇనుము కాదు, అందం కోసం అతికించిన ప్లాస్టిక్ పట్టీ.

"అయ్యో, అయ్యో, పగిలిందా?" అని అన్నయ్య మోకాళ్ళ మీద కూలబడి ఆ చీలికను పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమిరాడు. తర్వాత జాకీని లోపలికి జరిపి, గట్టిగా తగిలిన చోట ఆనించి ఎత్తాడు. కారు వెనక భాగం మూలుగుతూ లేచింది.

"ఊఁ, దూరు."

"ఏదైనా స్టాండులాంటిది పెడితే..." అన్నాడు పుల్ల.

"ఐదు నిమిషాల పనికి స్టాండేంట్రా? నేనిక్కడే ఉంటాగా."

పుల్ల పాత దుప్పటి పరిచి వెల్లకిలా పడుకుని, మడమలతో తన్నుకుంటూ లోపలికి జరిగాడు. లోపల ఇంకా వేడిగా ఉంది. మాడిన నూనె వాసన. ముక్కుకు జానెడు పైన ఇనుము, గొట్టాలు, మట్టి గడ్డకట్టిన బోల్టులు. ఎడమ చేత్తో టార్చి పట్టుకుని, కుడి చేత్తో పానా తగిలించాడు. బోల్టు కదల్లేదు. గట్టిగా లాగితే పైనున్నదంతా గలగలమంది. ఆ గలగల విని అతను ఆగిపోయాడు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ ఆగాడు.

గొట్టం చొక్కా గుండీకి తగిలినప్పుడు, తనే పైకి జరిగానేమో అనుకున్నాడు. వీపు నేలకు అదిమి చూశాడు. అయినా తగులుతూనే ఉంది. ఊపిరి పీలిస్తే ఛాతీకి ఒత్తుకుంటోంది, వదిలితే గుండీ మీద ఆగుతోంది. కారు దిగుతోంది. పెద్ద చప్పుడుతో పడిపోవడం కాదు, ముసలాయన కుర్చీలోకి దిగినట్టు నిదానంగా, తీరిగ్గా దిగుతోంది.

"అన్నయ్యా," అన్నాడు. గట్టిగా పిలవాలంటే ఊపిరి నిండా పీల్చాలి, పీల్చడానికి చోటు లేదు. తల పక్కకు తిప్పితే షెడ్డు గుమ్మం దగ్గర అన్నయ్య చెప్పులు, వాటి ఎదురుగా పక్కింటాయన బూట్లు కనిపించాయి. ఈ బండి రోడ్డెక్కితే గాల్లో తేలిపోతుందని అన్నయ్య చెబుతున్నాడు. పక్కింటాయన నవ్వుతున్నాడు. పుల్ల పానాతో నేల మీద కొట్టాడు. చెప్పులు ఇటు తిరగలేదు. మళ్ళీ కొట్టాడు. అన్నయ్య మాట పూర్తిచేసి, పక్కింటాయన్ని సాగనంపి, అప్పుడు వచ్చాడు.

"ఏంట్రా ఆ చప్పుడు? ఓహో, జాకీ కాస్త దిగినట్టుందే."

జాకీ మళ్ళీ కొట్టాడు. గొట్టం గుండీని వదిలింది. పుల్ల ఎలా బయటపడ్డాడో అతనికే తెలీదు. మోచేతులు దోక్కుపోయాయి.

"ఏం కాలేదుగా?" అన్నాడు అన్నయ్య.

"లేదు," అన్నాడు పుల్ల.

ఏం కాకపోవడం అంటే ఇదీ అని ఆ తర్వాత ఇంటికి నడుస్తున్నంత సేపూ అనుకున్నాడు. ఊపిరి మాత్రం ఇంకా చిన్న చిన్నగానే వస్తోంది. రోడ్డు మీద కావలసినంత గాలి ఉన్నా నిండా పీల్చాలంటే భయమేసింది.

అతని భార్య సిటీ బస్సులో కండక్టరు. రోజంతా అరిచి అరిచి ఇంటికొచ్చాక మెల్లగా మాట్లాడుతుంది. చొక్కా బకెట్లో వెయ్యబోతూ ఆగింది.

"చేతులకి గ్రీజంటితే సరే. గుండెల మీద ఇంత అడ్డగీత ఎలా పడింది?"

ఏదో చెప్పి తప్పించుకుందామనుకున్నాడు గానీ, ఆవిడ ముందు అతనికి అబద్ధాలు రావు. టిక్కెట్టు తీసుకోనివాడి మొహం ఆవిడ పది బారల దూరం నుంచే పసిగడుతుంది. జరిగింది చెప్పాడు. చెబుతుంటే ఆవిడ చేతిలో చొక్కా మెల్లగా నేలమీదికి జారింది.

"జాకీ ఒక్కటేనా? కింద ఇంకేం లేదా?"

"అన్నయ్య పక్కనే ఉన్నాడు."

"ఉండి? పడే కారుని చేత్తో పట్టుకుంటాడా?" ఆవిడ మంచం మీద కూర్చుంది. "మా డిపోలో జాకీ ఎత్తడానికే గానీ మొయ్యడానికి కాదంటారు. ఎత్తి, స్టాండ్ల మీద దించి, కింద దూరేవాడే ముందు బస్సుని పక్కనుంచీ వెనకనుంచీ బలమంతా పెట్టి తొయ్యాలి. పడేదేదో వాడు బయట ఉండగానే పడాలి. తొయ్యకుండా దూరితే ఆ రోజు పనిలోంచి పంపించేస్తారు. ఇంక నువ్వు వెళ్ళకు. వెళ్ళనని చెప్పు."

"చెప్తాలే."

"నాకు కాదు. ఆయనకి."

పుల్ల తలాడించాడు. ఎలా చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. నడుం నొప్పి అందామా? షాపులో పనుందందామా? ఏ మాట కూర్చినా చివర అన్నయ్య నవ్వు వినిపిస్తోంది, దాంతో మాట ఊడిపోతోంది.

మర్నాడు షాపులో పని సాగలేదు. ఫ్రేము వేడి చేసి, కాస్త సాగదీసి, అద్దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కాలి. కళ్ళు మూసుకుని చేసే పని. ఆ రోజు నొక్కబోతే అద్దం ఫ్రేముకి మరీ దగ్గరగా ఉన్నట్టు, ఆ సందులో ఏదో నలిగిపోతున్నట్టు అనిపించింది. వేలు జారింది. అద్దం అంచున పెచ్చు లేచింది. దాని తాలూకు పెద్దావిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, చూపు ఆననందువల్ల అదేమీ గమనించక, తన మనవరాలి గురించి చెబుతూనే ఉంది. "మరో అద్దం వేసిస్తానమ్మా, సాయంత్రం రండి," అన్నాడు పుల్ల.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఒరేయ్, స్టాండ్లు తెచ్చేశా. నువ్వు అడిగావుగా, నీకోసమే. రేపు సెలవేగా, పొద్దున్నే వచ్చెయ్."

కూర్చుకున్న నాలుగు రకాల మాటలూ గొంతు దాకా వచ్చాయి.

"సరే అన్నయ్యా," అన్నాడు.

పొద్దున్న భార్య డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "తోసి చూడు. మర్చిపోకు," అంది. అతను వెళ్తున్నాడని తెలిసి ఆవిడ మొహం మాడిపోయి ఉంది. టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అతను వెళ్ళేసరికి కారు లేచే ఉంది. తమ్ముడికి శ్రమ తగ్గిద్దామని అన్నయ్య పొద్దున్నే లేచి తనే ఎత్తేశాడు. కారు ముక్కు షెడ్డు గేటు వైపు, వెనక భాగం రెండు స్టాండ్ల మీద. వెనక చక్రాలు గాల్లో ఉన్నాయి. దుప్పటి కూడా కింద పరిచే ఉంది. అన్నయ్య చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. మెచ్చుకోలు కోసం తమ్ముడి వైపు చూస్తున్నాడు.

"హ్యాండ్‌బ్రేక్ కూడా లాగేశా. ఇంకేం భయం?"

పుల్ల చుట్టూ తిరిగి చూశాడు. షెడ్డు కడిగినప్పుడు నీళ్ళు బయటికి పోవడానికని నేల గేటు వైపుకి కాస్త వాలుగా ఉంది. ముందు చక్రాలకు అడ్డం ఏమీ లేదు. ఒక స్టాండు నిటారుగా ఉంది. రెండోది కొంచెం వాలినట్టుంది. తన కళ్ళే అలా చూపిస్తున్నాయేమో. ఈ రెండు రోజులుగా అతని కళ్ళకి నిటారుగా ఉన్నదేదీ కనిపించడం లేదు.

"అన్నయ్యా, ఒకసారి వెనకనుంచి గట్టిగా తోసి చూద్దాం," అన్నాడు. రెండు అరచేతులూ కారు వెనక మీద ఆనించాడు.

"ఒరేయ్ వద్దురా!" అన్నయ్య ఒక్క అంగలో వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. "తోస్తే పడిపోతుంది!"

లోపలి గుమ్మంలో వదిన రెండు టీ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆ ఇంట్లో ఆవిడకి నోట్లో నాలుక లేదని బంధువులంతా అంటారు.

"పడిపోతుందా?" అన్నాడు పుల్ల.

"అంటే... కావాలని తోస్తే ఏదైనా పడుతుంది. ఊరికే ముట్టుకోకపోతే ఏం కాదు."

"కింద బోల్టు బిగుసుకుపోయింది. దాన్ని లాగాలి కదా అన్నయ్యా. ముట్టుకోకుండా ఎలా విప్పను?"

అన్నయ్య మొహంలో చిరాకు కనిపించింది. "నీకెప్పుడూ ఇంతే. పిరికి మందు పోసి పెంచారు నిన్ను. పొద్దుట్నుంచీ ఒక్కణ్ణే నానా చావూ చచ్చి లేపాను. దూరతావా లేదా?"

ఇక్కడ పుల్ల చేసిన పని చెప్పడానికే సిగ్గుగా ఉంటుంది. పడిపోతుందని విన్నాడు, తన చెవులతో విన్నాడు. అన్నయ్యకి అది తెలుసని కూడా అర్థమైంది. అయినా చెప్పులు విప్పి, పక్కపక్కనే పెట్టి, దుప్పటి మీద కూర్చుని కాళ్ళు చాపాడు. కారు మీద పడుతుందేమోనన్న భయం కంటే అన్నయ్య మూతి ముడుచుకుంటాడన్న భయం ఎక్కువైపోయింది. ఇన్నేళ్ళ అలవాటు. మెదడు వద్దంటుంటే నడుం దానంతటదే వాలిపోతోంది.

తల కారు నీడలోకి వెళ్ళింది. మళ్ళీ అదే మాడిన నూనె వాసన.

"లే, అబ్బాయ్," అంది వదిన.

ఆవిడ గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టేసి దగ్గరికొచ్చింది. వంగి అతని మోచెయ్యి పట్టుకుని, పిల్లల్ని నిద్ర లేపినట్టు లేపి నిలబెట్టింది. "గోడ దగ్గరికెళ్ళి నించో. ఇంకా... అక్కడ."

"ఏయ్, నువ్వెందుకొచ్చావిక్కడికి?" అన్నాడు అన్నయ్య.

వదిన కారు వెనక్కి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండు చేతులూ ఎర్ర రంగు మీద ఆనించి, బీరువా జరిపినట్టు భుజం పెట్టి తోసింది.

ముందు చక్రాలు దొర్లాయి. అంతే. హ్యాండ్‌బ్రేక్ పట్టి ఉంచేది వెనక చక్రాలనే, అవేమో గాల్లో ఉన్నాయి. స్టాండ్లు రెండూ ముందుకి ఒరిగి, నేల మీద ఇనుము గీరుకున్న కూత వచ్చి, కారు దభాలున దిగింది. కిటికీ గట్టు మీద గ్లాసులు ఎగిరి పడ్డాయి. ముక్కు వెళ్ళి గేటుకి గుద్దుకుని ఆగింది. కాసేపు దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎంత పని చేశావే!" అన్నయ్య గొంతు చించుకున్నాడు. "నా కారు!"

"పడిపోతుందని మీరేగా అన్నారు," అంది వదిన. "మీరన్నది నిజమేనని చూపించాను."

అన్నయ్య ఇంకేదో అనబోయి కిందికి చూశాడు. పుల్ల చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. వాటి ముందు దుప్పటి. దుప్పటి మీద స్టాండు అడ్డంగా పడి ఉంది, దాని మీద కారు పొట్ట ఆని ఉంది. మనిషి ఛాతీ ఉండాల్సిన చోట దుప్పటి స్టాండు కింద ముద్దగా నలిగిపోయింది. అన్నయ్య ఆ చెప్పుల్ని చూశాడు, దుప్పటిని చూశాడు, గోడ దగ్గరున్న తమ్ముణ్ణి చూశాడు. చెక్కపలకల మీద కూలబడ్డాడు.

వదిన లోపలికెళ్ళి చీపురు తెచ్చి గాజు పెంకులు ఊడ్చింది.

ఊడ్చడం అయ్యాక అన్నయ్య నోరు విప్పాడు. "సరే... అయిందేదో అయింది. సాయంత్రం మళ్ళీ లేపుదాం. ఈసారి జాగ్రత్తగా పెడతాను. నువ్వు దూరుదువుగాని..."

"దూరను," అన్నాడు పుల్ల.

మాట బయటికొచ్చింది. వచ్చాక అతనే ఉలిక్కిపడ్డాడు. అన్నయ్య లేచి అరుస్తాడేమోనని భుజాలు దగ్గరికి ముడుచుకున్నాడు. అన్నయ్య అరవలేదు.

"నాకు అనుమానం మాత్రమే అన్నయ్యా," అన్నాడు పుల్ల. "నీకు తెలుసు."

సాయంత్రం డ్యూటీ దిగి యూనిఫాంతోనే అతని భార్య వచ్చింది. విషయం వదిన చెప్పింది. భార్య పుల్ల భుజాలూ చేతులూ తడిమి చూసి, అప్పుడు కారు వైపు తిరిగింది. పుల్ల తనే ముందుకొచ్చాడు. "లేపడానికి సాయం చేస్తాను. నేను చెప్పినట్టు లేపాలి," అన్నాడు. అతని నోట అలాంటి మాట ఎవరూ విని ఉండరు. అన్నయ్య బుద్ధిగా తలూపాడు.

కింద చిక్కుకున్న స్టాండు లాగేసి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, నలుగురూ కలిసి కారును షెడ్డు లోపలి వైపుకి, నేల సమంగా ఉన్న చోటికి నెట్టారు. పలకల మీదికి ఎక్కించాక, ముందు చక్రాలకు ముందొకటి, వెనకొకటి చెక్క దిమ్మలు బిగించారు. పుల్ల టార్చి పట్టుకుని నేల మీద పడుకుని, వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉన్న లావుపాటి ఇనప దూలం ఎక్కడుందో చూసి, జాకీని సరిగ్గా దాని నడిమధ్యకు నెట్టించాడు. ఒక్కసారిగా ఎత్తలేదు. కొంచెం ఎత్తడం, ఆగడం, చూడడం. స్టాండ్లను ఇనుము మందంగా ఉన్న చోట ఆనించి, జాకీ వదులు చేసి, బరువంతా వాటి మీదికి దించారు. చాల్లేదని మళ్ళీ ఎత్తి స్టాండ్లు ఇంకో మెట్టు పెంచారు. వెనక చక్రాలు రెండూ ఊడదీసి కారు కిందికి దొర్లించి పడుకోబెట్టారు, ఒకవేళ దిగినా వాటి మీద ఆగుతుందని. వదిన కారు తాళంచెవి తీసి, ఎవరూ స్టార్టు చెయ్యకుండా పుల్ల జేబులో పడేసింది.

"ఇప్పుడు తొయ్యి అన్నయ్యా."

అన్నయ్య తోశాడు. మొదట మెల్లగా, తర్వాత పళ్ళు బిగించి, మెడ నరాలు తేలేలా తోశాడు. పక్కనుంచి తోశాడు, వెనకనుంచి తోశాడు. కారు గోడలా నిలబడింది. ఆయన చెమట తుడుచుకుని, అలవాటు కొద్దీ తమ్ముడి వైపు చూశాడు. దూరమని నోటితో అనలేదు, కళ్ళు మాత్రం ఆ మాటే అన్నాయి.

పుల్ల జేబులోంచి తాళంచెవి తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు. "కింద ఉండేవాడి దగ్గరుండాలి ఇది. ఇప్పుడు బోలెడంత ఎత్తుంది, నీ పొట్ట పడుతుంది."

అన్నయ్య కాసేపు తాళంచెవిని తిప్పి తిప్పి చూశాడు. వదిన వైపు చూశాడు. ఆవిడ చూపు మరల్చుకోలేదు. చివరికి ఉస్సురంటూ మోకాళ్ళ మీదికి వంగి, నేల మీద పడుకుని, లోపలికి జరిగాడు. భుజాలు వెళ్ళాయి, పొట్ట వెళ్ళింది. పాదాలు రెండూ బయట బిగుసుకుపోయి ఉన్నాయి. పానా చప్పుడు కోసం అందరూ ఎదురు చూశారు. ఏ చప్పుడూ రాలేదు.

"ఒరేయ్," అంది కారు కిందినుంచి ఒక గొంతు. అన్నయ్య గొంతు అంత చిన్నగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. "ఒరేయ్, ఇక్కడ ఊపిరాడట్లేదురా."

"తెలుసన్నయ్యా," అన్నాడు పుల్ల.

అతను పక్కనే నేల మీద పడుకుని, వెలుగు అన్నయ్య కళ్ళలో పడకుండా టార్చి బోల్టు మీదికి తిప్పి పట్టుకున్నాడు.

"కళ్ళు మూసుకోకు. మూసుకుంటే ఇంకా భయమేస్తుంది."